కుడివైపు ముల్లు

రేడియో బాబాయి కొట్లో మధ్యాహ్నం పూట ఒక వేడి వాసన వేస్తుంది. కరిగిన సీసం, పాత స్పీకరు గుడ్డ, ఎప్పుడో పోసుకుని తాగడం మరిచిపోయిన టీ. వీధిలో ఎండ మాడ్చేస్తున్నా లోపల బల్ల మీద దీపం వెలుగుతూనే ఉంటుంది. ఆ దీపం కింద పెట్టిన రికార్డర్లని చిన్నది అటు తిప్పీ ఇటు తిప్పీ చూస్తోంది, సంబంధం కుదుర్చుకోవడానికి వచ్చినట్టు.

చిన్నది అంటే చిన్నపిల్ల కాదు. ఇద్దరు ఆడపిల్లల్లో రెండోది కాబట్టి ఇంట్లో ఆ పేరు పడింది. పడిన పేరు జుట్టు నెరిసినా పోదు కదా.

ఆమె వచ్చింది అమ్మ కోసం. ఊరంతా అమ్మని పాటమ్మ అంటుంది. ఎన్ని వేదికల మీద పాడిందో లెక్క లేదు గాని, ఆవిడ పాట ఒక్కటి కూడా ఎక్కడా రికార్డయి లేదు. ఒప్పుకునేది కాదు. "పాట పాడినంతసేపే ఉండాలి. డబ్బాలో పెడితే పాచిపోతుంది," అనేది. ఇప్పుడు గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్ చెయ్యకపోతే మనిషి దక్కదు, చేస్తే గొంతు దక్కదు అన్నాడు డాక్టరు. ఈలోగా ఒక్క చిన్న కచేరీ చేసుకోవచ్చన్నాడు. నాలుగు పాటలు. ఆ పైన ఒక్క ముక్క పాడినా తన పూచీ లేదన్నాడు.

చిన్నది ఏడ్చి, అలిగి, తిండి మానేసి, ఆ నాలుగు పాటలూ రికార్డు చేసుకోవడానికి అమ్మని ఒప్పించింది. పుట్టినప్పట్నుంచీ అంతే. అడిగిందంటే ఇచ్చేదాకా కొంగు వదలదు.

"బాబాయ్, ఏది మంచిదో మీరే చెప్పండి," అంది.

"మంచిదంటే ఏం చెప్పను తల్లీ? నీకు పాట కావాలా, హాలు కావాలా?"

"రెండూ ఒకటి కాదా?"

"ఎలా అవుతాయి? ఇదిగో, ఈ కొత్తది చూడు. సబ్బుపెట్టె అంత ఉంది. నెత్తి మీద ఎండ్రకాయ కళ్ళలాగ రెండు మైకులు. చేతిసంచిలో పడేసుకుపోవచ్చు. కాని దీనికి తరతమ భేదం తెలీదు. పక్కాయన దగ్గు, ఫ్యాను కీచు, ఎవరో చెప్పులు ఈడ్చింది, అన్నీ పాటతో సమానంగా పట్టేస్తుంది."

"అక్క ఫోన్లో పెట్టెయ్యమంటోంది. ఇంత గోలెందుకంటుంది."

"ఫోనా? అది మరీ మర్యాదస్తురాలు. మెల్లగా పాడితే పైకి లాగుతుంది, గట్టిగా పాడితే కిందికి నొక్కుతుంది. మీ అమ్మ పాటలో ఉన్నదే ఆ ఎత్తుపల్లాలు. అవి పోయాక మిగిలేది ఇస్త్రీ చేసిన చొక్కా."

చిన్నది నవ్వింది. నవ్వుతూనే పైకి చూసింది. అటక మీద, వైర్ల చుట్టల వెనక, తోలు తొడుగులో ఒక పాత రికార్డరుంది. భుజాన తగిలించుకునే రకం. ముందువైపు గాజు అద్దం, అందులో చప్పుడుకి లేచే ముళ్ళు రెండు పక్కపక్కన పడుకుని ఉన్నాయి.

"అదేంటి బాబాయ్?"

"అది వద్దులే."

"చెడిపోయిందా?"

"చెడిపోతే బాగుచేసేవాణ్ణిగా." బాబాయి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఒక ముసలాయనది. ఏ కచేరీ ఉన్నా అది తగిలించుకుని వెళ్ళి మధ్యలో కూర్చునేవాడు. ఆయన పోయాక కొడుకు తెచ్చి ఇక్కడ పడేశాడు. మళ్ళీ రాలేదు."

ఇచ్చేదాకా వదలని మనిషి ముందు ఆ మాట చెప్పకుండా ఉండాల్సింది. చివరికి ఆయనే స్టూలెక్కి దించాడు. బ్యాటరీలు వేశాడు. కేసెట్టు పెట్టి, నాలుగు మాటలు మాట్లాడి, వెనక్కి తిప్పి హెడ్‌ఫోన్లు ఆమె చెవులకి పెట్టాడు.

బాబాయి గొంతు వినిపించింది. అంతే వినిపించింది. వీధిలో వెళ్తున్న బండ్లు లేవు, దీపం చుట్టూ తిరిగే ఈగ లేదు. ఆ గొంతు వెనక నీళ్ళు కనపడని బావిలాగ నల్లటి నిశ్శబ్దం.

"ఇదే కావాలి," అంది చిన్నది మెల్లగా.

"రెండూ పట్టుకెళ్ళు. మీ అమ్మ మాట రెండింట్లోనూ విని, ఏది కుదిరితే అది వాడు. కాని ఒకటి. దీంతో అయితే పాట అవగానే ఆపెయ్యి. ఖాళీగా నడవనివ్వకు."

"టేపు పాడవుతుందా?"

బాబాయి దాని మైకులు రెండూ ఊడదీశాడు. వైర్లు చుట్టి ఇచ్చాడు, అంతే.

ఏదైనా దాచే పని ఆ ఇంట్లో చిన్నదానిదే. ఆమె బీరువాలో అక్క మొదటి పలకముక్క ఉంది, నాన్న కళ్ళజోడుంది, తాతమ్మ దువ్వెనలో చిక్కిన వెంట్రుకలు కూడా కాగితంలో మడిచి ఉన్నాయి. లేనిది ఒక్కటే. నాన్న గొంతు. ఆయన పోయి ఏళ్ళయింది. మొహం ఫోటోలో ఉంది గాని గొంతు ఎలా ఉండేదో ఎంత ప్రయత్నించినా ఆమెకి గుర్తురాదు. రోజూ దేవుడికి దణ్ణం పెట్టుకునేటప్పుడు అడుగుతుంది, ఒక్కసారి వినిపించమని. అందరి ప్రార్థనలూ దేవుడే వింటాడనుకుంటాం మనం. ఇంకెవరు వింటారో మనకేం తెలుసు.

సాయంత్రం అమ్మ మంచం పక్కన రెండు రికార్డర్లూ పెట్టింది. పాత దానికి తీగలతో వచ్చే మైకులు రెండు. ఎడమది అమ్మ వైపు తిప్పింది. కుడిది ఎటు తిప్పాలో తెలియక గడప వైపు పెట్టింది. అక్కడ నాన్న కుర్చీ ఉంటుంది. ఇప్పుడెవరూ కూర్చోరు.

"పాడకమ్మా, గొంతు అలిసిపోతుంది. ఊరికే మాట్లాడు," అంది.

"ఏం మాట్లాడను? మాట్లాడమంటే మాటలు రావు," అంది అమ్మ. తరవాత తనే నవ్వింది. "తలుపుల ఇంటి కథ చెప్పనా?"

తలుపు తీస్తే ఇంకో తలుపు ఉండే ఇంటి కథ అది. చిన్నప్పుడు పడుకోబోయే ముందు రోజూ అదే కథ. ఎక్కడ ఆపినా ఆగుతుంది, ఎంత లాగినా సాగుతుంది. ఒక్కటే షరతు ఉండేది. ఊ కొట్టినంతసేపే అమ్మ చెబుతుంది. ఊ ఆగితే కథ ఆగుతుంది.

"మీ అక్క రెండో తలుపు దగ్గరే గురక పెట్టేది," అంది అమ్మ. "నువ్వు మటుకు నిద్రలో కూడా ఊ కొట్టేదానివి. నా నోరెండిపోయేది. ఆపుదామంటే నువ్వు ఊఁ అనేదానివి. నువ్వు ఊఁ అంటే నేను చెప్పాల్సిందే. అదేం మాయో."

"నాన్న కూడా ఊ కొట్టేవాడు కదమ్మా?"

"ఆయన గడప దగ్గర కూర్చునేవాడు," అంది అమ్మ. కథ మొదలుపెట్టింది.

ఒక తలుపు తీసింది. ఇంకో తలుపు తీసింది. వంటింట్లో అక్క గిన్నెలు సర్దుతోంది. బయట ఎవరో స్కూటర్ తంతున్నారు, అది అంటుకోవడంలేదు. అమ్మ గొంతు బొంగురుగా, వెచ్చగా, అరిగిపోయిన రాతిమెట్టులా ఉంది. కాసేపటికి దగ్గొచ్చింది. ఆపేసింది. చిన్నది మంచినీళ్ళకి పరిగెత్తింది. పాత రికార్డరు ఆపడం మరిచిపోయింది.

అమ్మ పడుకున్నాక అక్కాచెల్లెళ్ళిద్దరూ వంటింటి బల్ల దగ్గర కూర్చుని విన్నారు. ముందు సబ్బుపెట్టెలాంటి కొత్తది. గిన్నెలూ, స్కూటరూ, ఫ్యానూ, వాటి మధ్య ఎక్కడో బియ్యంలో రాయిలాగ అమ్మ. అక్క తల కొట్టుకుంది. "ఇది నా గిన్నెల కచేరీ."

తరవాత పాతది. చీకట్లో దీపం పెట్టినట్టు అమ్మ గొంతు. ఇంకేమీ లేదు.

"అప్పుడు ఆ అమ్మాయి మొదటి తలుపు తీసింది..."

"ఊఁ."

చిన్నది ఉలిక్కిపడలేదు. అక్క ఊ కొట్టిందనుకుంది. అక్క ఆమె వైపు చూసి నవ్వింది. "ముసలిదానివయ్యావు, ఇంకా ఊ కొడతావేమిటే?"

"నేనెక్కడ కొట్టాను? నువ్వు కదా."

"నేను గిన్నెల దగ్గరున్నానుగా."

మళ్ళీ వినిపించింది. ఊఁ. మెల్లగా, మూసిన పెదాల వెనక నుంచి. మగగొంతో ఆడగొంతో చెప్పడానికి లేదు. అద్దంలో ఎడమ ముల్లు అమ్మ మాటకి లేస్తోంది. అమ్మ మాట ఆగగానే కుడి ముల్లు లేస్తోంది. గడప వైపు పెట్టిన మైకుది.

అమ్మ దగ్గు వచ్చింది. కథ అయిపోయింది. నీళ్ళకోసం పరిగెత్తిన చప్పుడు రాలేదు. నల్లటి నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో... కాసేపాగి... "ఊఁ." తరవాత ఏమైంది అని అడిగినట్టు.

అక్క చటుక్కున మీట నొక్కింది. "రేపు సబ్బుపెట్టె పట్టుకెళ్ళవే. ఇది నాకు నచ్చలేదు."

చిన్నదాని కళ్ళు నిండిపోయాయి. గడప దగ్గర కూర్చునేది ఇంకెవరు? దేవుడు విన్నాడనుకుంది. రాత్రి పడుకునే ముందు పాత రికార్డరు తోలు తొడుగు మీద తల ఆనించి, "రేపు కూడా రా నాన్నా," అంది.

పిలిస్తే రావడానికి నాన్నే కానక్కర్లేదు. ఆ సంగతి ఆమెకి తట్టలేదు.

మర్నాడు సాయంత్రం వాన. హాల్లో తడిసిన గొడుగుల వాసన, తెర గుడ్డలో ఏళ్ళనాటి దుమ్ము వాసన. పొద్దు ఇంకా గుంకలేదు గాని కిటికీలకి నల్లగుడ్డలు దించేసరికి లోపల రాత్రి అయిపోయింది. వేదిక మీద ఒక్క పసుపు దీపం. ఒక పక్క వయొలిన్ ఆయన, ఒక పక్క హార్మోనియం ఆయన, మధ్యలో అమ్మ. గొంతుకి మెత్తటి గుడ్డ చుట్టుకుంది.

చిన్నది మధ్య వరసలో కూర్చుంది. రికార్డరు ఒళ్ళో. చెవులకి హెడ్‌ఫోన్లు. ఎడమ మైకు వేదిక వైపు తిప్పింది. కుడి మైకు... కుడిపక్క సీటు వైపు తిప్పింది. ఆ సీటు మీద చేతిసంచి పెట్టి ఎవర్నీ కూర్చోనివ్వలేదు. దీపాలు ఆరగానే సంచి తీసేసింది. సీటు మీద చెయ్యి వేసి నిమిరింది.

"కూర్చో నాన్నా."

సీటు చల్లగా ఉంది.

అమ్మ మొదటి పాట ఎత్తుకుంది. హెడ్‌ఫోన్లలో ఆ గొంతు ఎంత దగ్గరగా ఉందంటే, పెదాలు విడివడే తడి చప్పుడు కూడా తెలుస్తోంది. చరణం ముగిసింది. కుడి చెవిలో... "ఊఁ."

చిన్నది కళ్ళు మూసుకుంది. ఇంతకంటే ఏం కావాలి? ఎడమ చెవిలో అమ్మ, కుడి చెవిలో నాన్న. మధ్యలో తను. ఇల్లంతా మళ్ళీ ఒక్కచోట చేరినట్టుంది.

రెండో పాట. మూడో పాట. సరిగ్గా ఆమె ముందు సీట్లో శాలువా కప్పుకున్న పెద్దాయన ఒకాయన వెనక్కి తిరిగి ఆమె వైపు చూశాడు. హెడ్‌ఫోన్ల చప్పుడు బయటికి పోతోందేమో అనుకుని ఆమె గట్టిగా అదుముకుంది. ఆయన మళ్ళీ తిరిగాడు. ఈసారి విసుగ్గా చూశాడు.

నాలుగో పాట అయింది. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అమ్మ రెండు చేతులూ జోడించింది. చెమటతో మొహం మెరుస్తోంది. వేదిక పక్కన అక్క శాలువా పట్టుకుని సిద్ధంగా నిలబడింది. అయిపోయింది. ఆపెయ్యాలి.

చిన్నది బొటనవేలు మీట మీద పెట్టింది. ఇంకొక్క క్షణం. చప్పట్లు కూడా పడితే బాగుంటుంది...

చప్పట్లు ఆగాయి.

"ఊఁ," అంది కుడి చెవిలో.

అమ్మ జోడించిన చేతులు విడిపోయాయి. ఆవిడ ఎవరో పిలిచినట్టు తలెత్తింది. చూపు చీకట్లో వెతికి, వెతికి, మధ్య వరస దగ్గర ఆగింది. నోరు తెరిచింది.

ఐదో పాట.

జనం సంతోషంగా మళ్ళీ కూర్చున్నారు. వాయిద్యాల వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని అందుకున్నారు. అక్క చేత్తో ఆపు ఆపు అని సైగ చేస్తోంది. అమ్మ చూడటంలేదు. పాట అయింది. "ఊఁ." ఇంకో పాట. అదింకా అవనే లేదు. "ఊఁ." ఇంకోటి. ఏ పాటా పూర్తి కావడంలేదు. తలుపు వెనక తలుపులాగ ఒకటి విరగ్గానే ఒకటి తెరుచుకుంటోంది. వయొలిన్ ఆయన కమాను దించేశాడు. హార్మోనియం ఆయన ఎప్పుడో చేతులు తీసేశాడు. అమ్మ ఒక్కతే పాడుతోంది. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. పాడటం ఆపడంలేదు.

శాలువా పెద్దాయన సీటు మీద చెయ్యి వేసి వెనక్కి వంగాడు. "చాలమ్మా," అన్నాడు రహస్యంగా. "పాపం, ఆవిణ్ణి వదిలెయ్యి."

"నేనేం చేశానండి?"

ఆయన ఆమె కళ్ళలోకి చూడలేదు. ఆమె నోటి వైపు చూశాడు. లేచి వెళ్ళిపోయాడు.

ఆపెయ్యాలి. తెలుస్తూనే ఉంది. బొటనవేలు మీట మీదే ఉంది. కాని అమ్మ ఇప్పుడు పాడుతున్నది జోలపాట. పిల్లలు పెద్దయ్యాక మళ్ళీ ఎప్పుడూ పాడలేదు. ఆపరేషన్ అయ్యాక ఇది ఎక్కడ దొరుకుతుంది? ఈ ఒక్క చరణం. ఇది అవగానే. ఇది ఒక్కటి అయిపోగానే...

అమ్మ గొంతు గీరుకుంది. పెదవి చివర ఎర్రగా ఒక దారం జారింది.

నొక్కింది.

ఎడమ ముల్లు పడుకుంది. కుడి ముల్లు పడుకోలేదు.

మళ్ళీ నొక్కింది. అడుగున మూత లాగి బ్యాటరీలు తీసేసింది. అవి నేల మీద దొర్లుకుంటూ సీట్ల కిందికి పోయాయి. ముల్లు లేస్తోంది... పడుతోంది. హెడ్‌ఫోన్లు పీకి పారేసింది. అమ్మయ్య అనుకోబోయింది.

"ఊఁ."

చెవిలో కాదు. హాల్లో. ఇక్కడే. ఊపిరంత దగ్గర.

వేదిక మీద అమ్మ నోరు తెరుచుకునే ఉంది. పాట లేదు. గాలి కూడా లేదు. పెదాలు మాత్రం మాటలు కడుతూ కడుతూ ఉండగా మనిషి పక్కకి ఒరిగిపోయింది.

చిన్నది సీట్లు దాటుకుంటూ పరిగెత్తింది. అక్క ఒళ్ళో ఉన్న అమ్మ ఆమెని చూడగానే చెయ్యెత్తింది. అరచేయి తెచ్చి ఆమె నోటి మీద పెట్టింది. గట్టిగా నొక్కింది. ఉన్న బలమంతా పెట్టి నొక్కింది. ఏడవకు అంటోందనుకుని చిన్నది ఆ అరచేతిని ముద్దు పెట్టుకుంది.

ఆపరేషన్ అయింది. మనిషి దక్కింది.

ఇంటికి వచ్చిన రెండో రోజు మధ్యాహ్నం చిన్నది తలుపులు వేసుకుని కేసెట్టు పెట్టింది. కొత్త బ్యాటరీలు వేసింది. వయొలిన్ ఉంది. హార్మోనియం ఉంది. చప్పట్లున్నాయి, కొన్ని వందల అరచేతులు. అమ్మ లేదు. అమ్మ పాడిన ప్రతిచోటా పలకని తడిగుడ్డతో తుడిచినట్టు నల్లటి ఖాళీ. ప్రతి ఖాళీ చివరా ఊఁ. కడుపు నిండినవాళ్ళు అన్నట్టు.

టేపు మొదట్నుంచీ చివరిదాకా విని, మళ్ళీ మొదట్నుంచి వింది. అప్పుడు లేచి, బ్యాటరీలు తీసి, రికార్డరు భుజాన వేసుకుని రేడియో బాబాయి దగ్గరికి వెళ్ళింది. ఆయన దాన్ని ముట్టుకోలేదు.

"ఆ ముసలాయన టేపులన్నీ కొడుకు నాకు చూపించాడమ్మా," అన్నాడు. "గది నిండా ఉన్నాయి. ఒక్కదాంట్లో పాట లేదు. అయినా రోజూ కూర్చుని వినేవాడట."

చిన్నది వింటోంది.

"ఆయన ఎవరి కచేరీకి వెళ్తే వాళ్ళ గొంతు పోయేదని పుకారు. నేను నమ్మలేదు. పాత గొంతులు, పోక ఏం చేస్తాయి అనుకున్నాను. చివర్లో ఆయనకి మాట ఉండేది కాదట. కొడుకు ఏం చెప్పినా ఒకటే జవాబు. ఆ కొడుకు మాట్లాడటం మొదలుపెడితే ఆపలేకపోయేవాడట. తండ్రి ముందు కూర్చుని నోరు పుళ్ళు పడేదాకా..." బాబాయి ఆగాడు. మొహం పాలిపోయింది. మళ్ళీ మొదలుపెట్టాడు. "నీకు ఇవ్వకుండా ఉండాల్సింది. నాకు తెలుసు. తెలిసీ ఇచ్చాను. కొట్లో దాన్ని పెట్టుకుంటే నాకు నిద్ర పట్టేది కాదు, వదిలించుకుందామని... అమ్మడూ, ఇది చెప్పకూడదనుకున్నాను. ఎందుకు చెప్పేస్తున్నాను? చాలు తల్లీ. ఊ కొట్టకు."

"నేను కొట్టడంలేదు బాబాయ్."

ఆయన కొట్టు తలుపు వేసేసుకున్నాడు. ఎండలో, వీధి మధ్యలో, చిన్నది చాలాసేపు నిలబడింది. తరవాత రికార్డరు మళ్ళీ ఇంటికే తెచ్చింది. పారెయ్యడం ఆమెకి ఎప్పుడూ చేతకాలేదు. బీరువా మీద పెట్టింది.

ఆ సాయంత్రం కరెంటు పోయింది. అక్క పక్కగదిలో కొవ్వొత్తి కోసం సొరుగులు లాగుతోంది. చిన్నది అమ్మ మంచం పక్కన కూర్చుంది. కిటికీలోంచి మిగిలిన కాస్త వెలుతురు అమ్మ మొహం మీద పడుతోంది. మెడ నిండా తెల్లటి కట్టు, మందు వాసన. అమ్మ కళ్ళు తెరిచే ఉన్నాయి.

పెదాలు కదులుతున్నాయి.

ఏదో అడుగుతోందేమోనని చిన్నది వంగి చూసింది. మంచినీళ్ళు కాదు. నొప్పి కాదు. ఆ పెదాల కదలిక ఆమెకి పుట్టిన దగ్గర్నుంచీ తెలుసు. అప్పుడు... ఆ అమ్మాయి... మొదటి తలుపు తీసింది.

"వద్దమ్మా. పడుకో."

పెదాలు ఆగలేదు. రెండో తలుపు. మూడో తలుపు. పెదాల మీద పొక్కులు లేచాయి. ఎప్పట్నుంచి చెబుతోందో. కళ్ళ చివరల నుంచి నీళ్ళు దిండులోకి ఇంకుతున్నాయి. అమ్మ చెయ్యి దుప్పటి మీంచి లేచింది, చిన్నదాని మొహం వైపు వచ్చింది, అందలేదు. పడిపోయింది. మళ్ళీ లేచింది.

పక్కగదిలో సొరుగుల చప్పుడు ఆగింది.

"ఏమే," అంది అక్క గొంతు తగ్గించి. "ఎవరే అక్కడ ఊ కొడుతోంది?"

చిన్నది నాన్న కుర్చీ వైపు చూసింది. ఖాళీ. తన పెదాలు తడిమి చూసుకుంది. మూసుకునే ఉన్నాయి. అయినా రెండు అరచేతులూ తెచ్చి, అమ్మ అందుకోలేకపోయిన చోట, నోటి మీద బలంగా నొక్కుకుంది. దేవుణ్ణి తలుచుకుంది. దేవుడి పేరు లోపల ఎక్కడా దొరకలేదు.

అరచేతుల కింద, మెడలో, ఏదో సన్నగా అదిరింది.

ఊఁ అనడానికి నోరు తెరవక్కర్లేదు.

బీరువా మీద, బ్యాటరీలు లేని రికార్డరులో, కుడివైపు ముల్లు లేచి పడింది. అమ్మ పెదాలు ఇంకో తలుపు తీశాయి.